కార్యాలయ ఆక్వేరియం

కార్యాలయ ఆక్వేరియం అనగా కార్యాలయాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, పాఠశాలలు మొదలైన పని ప్రదేశాలలో తక్కువ శ్రమతో నిర్వహించుటకు వీలుగా ఏర్పాటు చేసే చిన్న చేపల తొట్టి. సాధారణంగా దీనిలో 40 నుండి 60 లీటర్ల మంచినీరు పడుతుంది. ఇంటిలోని తొట్టిని ప్రతి రోజూ ఎవరో ఒకరు గమనిస్తూనే ఉంటారు. కార్యాలయపు తొట్టి సాయంత్రం నుండి మరునాటి ఉదయం వరకు, ఆదివారాలు, పండుగ సెలవులలో పూర్తిగా ఒంటరిగా ఉంటుంది. అందువలన మనుషులు లేని సమయంలో, కరెంటు లేని సమయంలో కూడా చేపలు సురక్షితంగా బ్రతకగలిగే విధంగా దీనిని రూపొందించవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో విజయనగరం జిల్లాలోని నెల్లిమర్ల పరిసరాల నీరు, వాతావరణం ఉదాహరణగా తీసుకొనబడినవి.

చరిత్ర

నీటిలోని మొక్కలు, చేపలు, నత్తలు ఒకదానికొకటి తోడ్పడుతూ ఒకే పాత్రలో ఎక్కువ కాలం జీవించగలవని లండన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో ప్రకటించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు మొదటి మత్స్యశాల తెరువబడినది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన "ది ఆక్వేరియం" అను గ్రంథం వలన ఈ పదం వ్యాప్తిలోకి వచ్చింది. భారతదేశంలో ముంబయిలోని తారాపోర్‌వాలా మత్స్యశాల 1951లో ప్రారంభమైనది.

ఉత్తర కోస్తా ఆంధ్రకు చేపల అధ్యయనంలో పాత సంబంధం కలదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లాండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో నివసించిన కాలంలో అక్కడి చేపలను సేకరించి, 200 రకాల వర్ణనలను, చిత్రాలను 1803లో గ్రంథంగా ప్రచురించాడు. ఆ గ్రంథంలో చేపల స్థానిక నామాలు కూడా నమోదు చేయబడినవి. నేడు ఆక్వేరియంలలో విస్తృతంగా పెంచబడుతున్న జీబ్రా డానియో అను చిన్న చేప భారత ఉపఖండానికి చెందినదే. దీనిని ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపలపై వ్రాసిన గ్రంథంలో వర్ణించాడు.

నెల్లిమర్ల పరిసరాల పరిస్థితులు

నెల్లిమర్ల చంపావతి నది ఒడ్డున ఉన్న పట్టణం. జూట్ మిల్లు వలన ఈ ఊరు పేరు పొందినది. ఇటువంటి చిన్న పట్టణంలోని కార్యాలయంలో ఆక్వేరియం ఏర్పాటు చేయునపుడు ఈ క్రింది విషయాలను ముందుగా పరిగణించాలి.

* ఉష్ణోగ్రత: తీరానికి సమీపంలో ఉన్నందున ఇక్కడ శీతాకాలం తీవ్రంగా ఉండదు. నీటిని వేడి చేసే హీటరు సాధారణంగా అవసరం లేదు. వేసవిలోని వేడి మాత్రం ప్రధాన సమస్య. నీరు వేడెక్కిన కొలదీ దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. అదే సమయంలో వేడి వలన చేపలకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది.
* ఏసీ గదులు: పగలు ఏసీ నడిచి రాత్రి, సెలవు దినాలలో ఆగిపోయే గదులలో నీటి ఉష్ణోగ్రత పదేపదే మారుతుంది. ఏసీ గాలి నేరుగా తగలని చోట తొట్టిని ఉంచితే ఈ మార్పు తగ్గుతుంది.
* తుఫానులు: 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాను తాకిన తిత్లీ తుఫానుల తరువాత ఈ ప్రాంతంలో అనేక చోట్ల రోజుల తరబడి విద్యుత్ సరఫరా లేదు. కేవలం మోటారుపై ఆధారపడిన తొట్టిలోని చేపలు అటువంటి సమయంలో బ్రతుకుట కష్టం.

నత్రజని చక్రం

కొత్త తొట్టిలో వేసిన చేపలు వారం పది రోజులలో చనిపోవడానికి ఎక్కువ సందర్భాలలో కారణం అమ్మోనియా. చేపల విసర్జన నుండి, మిగిలిపోయిన మేత నుండి నీటిలోకి అమ్మోనియా చేరుతుంది. ఇది చేపలకు విషం. తొట్టిలోని రాళ్ళపై, వడపోత స్పాంజిపై నివసించే కొన్ని బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైటుగా, మరికొన్ని నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు మాత్రం తక్కువ హానికరం, దానిని మొక్కలు కొంతవరకు గ్రహిస్తాయి. మిగిలినది నీరు మార్చుట ద్వారా తొలగిపోతుంది.

ఈ బాక్టీరియాలు తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. పాత తొట్టిలోని స్పాంజిని గాని, రాళ్ళను గాని కొత్త తొట్టిలో వేసినట్లయితే ఈ కాలం తగ్గుతుంది. నీటి క్షారత్వాన్ని బట్టి అమ్మోనియా తీవ్రత మారుతుంది. నీటి పీహెచ్ విలువ 7 నుండి 8కి పెరిగినపుడు అమ్మోనియాలో విషపూరితమైన భాగం సుమారు పది రెట్లు పెరుగుతుంది. పీహెచ్ ఎక్కువగా ఉండే బోరు నీటిని వాడేవారు ఈ విషయాన్ని గుర్తుంచుకొనవలెను.

కుళ్ళు వలన నీరు ఎట్లు పాడగునో ఈ ప్రాంతపు రైతులకు బాగుగా తెలిసిన విషయం. గోగునార కొరకు గోగు కట్టలను చెరువులలో, గుంటలలో నానబెట్టినపుడు నీరు నల్లబడి దుర్వాసన వస్తుంది. కాండాన్ని కుళ్ళింపజేసే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడుకొనుట వలన అక్కడి చేపలు పైకి తేలి నోరు తెరచుకొని గాలి కొరకు అలమటిస్తాయి. ఎక్కువ మేత వేసిన చిన్న తొట్టిలో జరిగేది కూడా ఇదే.

తొట్టి, స్థలం

తొట్టి ఎంత చిన్నదైతే నిర్వహణ అంత సులభమని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. నీరు తక్కువగా ఉన్నపుడు ఉష్ణోగ్రత, అమ్మోనియా త్వరగా మారిపోతాయి. బల్లపై ఉంచే గుండ్రని గాజు గిన్నెలో నీరు తక్కువ, వడపోతకు చోటు ఉండదు. అది చేపల నివాసానికి తగదు.

60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టి కార్యాలయానికి అనుకూలం. దీనిలో 27 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీరు నింపిన సుమారు 48 లీటర్లు పడుతుంది (పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి). గాజు, రాళ్ళతో కలిపి మొత్తం బరువు సుమారు 70 కిలోలు ఉంటుంది. కనుక ఫైళ్ళు ఉంచే తేలికపాటి రేకు బీరువాపై దీనిని పెట్టరాదు. గట్టి బల్లపై, అడుగున పలుచని థర్మోకోల్ షీటు వేసి, సమతలంగా ఉంచాలి.

కిటికీ ఎండ నేరుగా పడే చోట నాచు విపరీతంగా పెరుగుతుంది, నీరు వేడెక్కుతుంది. స్విచ్‌బోర్డు తొట్టికి సరిగ్గా క్రింద ఉండరాదు. విద్యుత్ తీగ ప్లగ్గుకు చేరే ముందు కొంత క్రిందికి వ్రేలాడేటట్లు ఉంచితే, తీగ వెంట జారిన నీటి బొట్టు ప్లగ్గులోనికి పోక నేలపై పడుతుంది. నీటిలో చేయి పెట్టే ముందు విద్యుత్ పరికరాలన్నిటినీ ఆపివేయాలి.

నీరు

కుళాయి నీటిలో క్రిములను చంపుటకు కలిపే క్లోరిన్ చేపల మొప్పలను, ఉపయోగకరమైన బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేసిన నీటిని వెడల్పు మూతి గల బక్కెట్లలో 24 గంటలు నిలువ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరగా కావలసినపుడు సోడియం థయోసల్ఫేట్ గల క్లోరిన్ నివారిణిని సీసాపై తెలిపిన మోతాదులో వాడవచ్చును.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గాని లవణాలు ఎక్కువగా ఉండవచ్చును. అటువంటి నీటిలో గప్పీ, మోలీ వంటి చేపలు బాగుగా జీవిస్తాయి. త్రాగుటకు వాడే ఆర్‌వో యంత్రపు నీటిలో ఖనిజాలు బాగా తక్కువగా ఉంటాయి కనుక ఆ నీటిని మాత్రమే నింపరాదు. గోగు నానబెట్టిన గుంటల నీటిని, పొలాల మందులు కలిసే కాలువల నీటిని ఎట్టి పరిస్థితులలోను వాడరాదు.

ఆవిరైన నీటికి బదులు నీరు పోసినంత మాత్రాన నీరు మార్చినట్లు కాదు. ఆవిరయ్యేది స్వచ్ఛమైన నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి. పైనుండి నింపుతూ పోతే అవి క్రమంగా పేరుకుంటాయి.

అడుగు పొర, మొక్కలు

అడుగున 3 నుండి 5 సెంటీమీటర్ల మందంతో ముతక నది ఇసుక లేదా చిన్న గులకరాళ్ళు పరచాలి. నీరు తేటగా వచ్చే వరకు వీటిని పలుమార్లు కడగాలి. రాయిపై వెనిగరు చుక్కలు వేసినపుడు నురగ వస్తే దానిలో సున్నం ఉన్నదని గ్రహించాలి. అటువంటి రాళ్ళు, సముద్రతీరపు గవ్వలు, ఆల్చిప్పలు నీటి కాఠిన్యాన్ని పెంచుతాయి. రంగు వేసిన రాళ్ళను వాడకుండుట మంచిది.

తక్కువ వెలుతురులో పెరిగే మొక్కలు కార్యాలయానికి తగినవి.

* జావా ఫెర్న్, అనూబియాస్: వీటిని ఇసుకలో పాతనవసరం లేదు. రాయికి గాని, చెక్కకు గాని దారంతో కడితే చాలు. నెమ్మదిగా పెరుగుతాయి.
* వాలిస్నేరియా, హైడ్రిల్లా: మన చెరువులలో సహజంగా పెరిగేవి. త్వరగా పెరిగి నైట్రేటును బాగా గ్రహిస్తాయి. అప్పుడప్పుడు కత్తిరించవలసి ఉంటుంది.
* మనీప్లాంట్: ఆకులు నీటికి పైన, వేర్లు నీటిలో ఉండేటట్లు అమర్చితే నైట్రేటును తగ్గిస్తుంది.

చెరువు నుండి తెచ్చిన మొక్కలను కొన్ని రోజులు వేరే బక్కెట్టులో ఉంచి గమనించాలి. వాటితో పాటు వచ్చే తూనీగ లార్వాలు చిన్న చేపలను పట్టి తింటాయి.

వడపోత, గాలి, వెలుతురు

ఈ పరిమాణపు తొట్టికి గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు సరిపోతుంది. ఇది చవకైనది. చెత్తను పట్టి ఉంచుతుంది, బాక్టీరియాకు ఆశ్రయమిస్తుంది, నీటి పైభాగాన్ని కదిలించి ప్రాణవాయువు కరుగుటకు తోడ్పడుతుంది. గాలి పంపును నీటి మట్టానికి పైన ఉంచాలి, లేదా గొట్టంలో ఒకవైపు మాత్రమే గాలి పోనిచ్చే వాల్వును అమర్చాలి. లేనిచో కరెంటు పోయినపుడు నీరు గొట్టం ద్వారా వెనుకకు ప్రవహించి పంపు పాడగుటయే గాక గదిలో నీరు నిండవచ్చును.

ఎల్ఈడీ దీపం రోజుకు 6 నుండి 8 గంటలు వెలిగితే చాలు. కార్యాలయం మూసిన తరువాత దీపం ఆగిపోయేటట్లు టైమరు పెట్టవచ్చును. మెయిన్ స్విచ్చును ఆపివేసి వెళ్ళే అలవాటు ఉన్న కార్యాలయాలలో గాలి పంపుకు వేరే కనెక్షను ఉండాలి. ఈ విషయం కార్యాలయాన్ని మూసే వ్యక్తికి తప్పనిసరిగా తెలియజేయాలి.

ఏర్పాటు క్రమం

1. తొట్టిని కేవలం నీటితో కడిగి (సబ్బు వాడరాదు), నీరు నింపి ఒక రోజు ఉంచి, కారుట లేదని నిర్ధారించుకోవాలి.
2. ఇసుక, రాళ్ళు పరచి, వాటిపై ఒక పళ్ళెం ఉంచి దాని మీదుగా నెమ్మదిగా నీరు పోయాలి.
3. మొక్కలు నాటి, ఫిల్టరును, దీపాన్ని అమర్చాలి.
4. ప్రతి రోజూ చిటికెడు మేత వేసి బాక్టీరియా పెరుగుటకు అవకాశమివ్వాలి. ఈ కాలంలో తొట్టిలో దోమలు గ్రుడ్లు పెట్టకుండా మూత ఉంచాలి.
5. పరీక్షా కిట్టుతో చూచినపుడు అమ్మోనియా, నైట్రైటు సున్నాకు వచ్చి, నైట్రేటు కనిపించిన తరువాత మాత్రమే చేపలను తేవాలి.
6. చేపలున్న పాలిథీన్ సంచిని 20 నిమిషాలు తొట్టి నీటిపై తేలనిచ్చి, తరువాత కొద్దికొద్దిగా తొట్టి నీటిని సంచిలో కలిపి, చేపలను వలతో తీసి వదలాలి. సంచిలోని నీటిని తొట్టిలో పోయరాదు.
7. మొదట మూడు నాలుగు చేపలనే వేసి, రెండు వారాల తరువాత మిగిలినవి చేర్చాలి.

చేపల ఎంపిక

రంగుల చేపలు కోల్‌కతా, చెన్నైలోని కొళత్తూర్ వంటి ఉత్పత్తి కేంద్రాల నుండి ఇతర ప్రాంతాలకు సరఫరా అవుతుంటాయి. దూరప్రయాణంతో అలసిన చేపలను దుకాణానికి వచ్చిన రోజునే కొనకుండా, కొన్ని రోజుల తరువాత చురుకుగా తిరుగుతూ మేత తింటున్నవాటిని ఎన్నుకోవాలి. సుమారు 48 లీటర్ల తొట్టికి ఈ క్రింది వాటిలో ఏదో ఒక ఏర్పాటు అనుకూలం.

* జీబ్రా డానియోలు 8: గుంపుగా తిరిగే చేపలు. ఉష్ణోగ్రతలోని మార్పులను బాగా తట్టుకుంటాయి. ఎగిరి దూకుతాయి కనుక మూత అవసరం.
* మగ గప్పీలు 6 నుండి 8: ఆడ చేపలను కలిపితే సుమారు నెలకొకసారి పిల్లలు పెట్టి తొట్టి కిక్కిరిసిపోతుంది. ఆడ గప్పీ మగ చేప లేకున్నను నిలువ చేసుకున్న బీజంతో కొన్ని నెలల పాటు పిల్లలను కనగలదు.
* ఒక మగ బెట్టా (ఫైటర్), కొన్ని నత్తలు: బెట్టాకు మొప్పలతో పాటు బయటి గాలిని పీల్చే ప్రత్యేక అవయవం కలదు. అందువలన గాలి పంపు ఆగిపోయినపుడు ఇతర చేపల కంటే మెరుగుగా తట్టుకుంటుంది. రెండు మగ బెట్టాలను కలిపి ఉంచరాదు.
* హనీ గౌరామీలు 3: అస్సాం, బెంగాల్ ప్రాంతాలకు చెందిన శాంత స్వభావం గల చేపలు. ఇవి కూడా బయటి గాలిని పీల్చగలవు.

కార్యాలయాలలో తరచుగా కనిపించే కొన్ని రకాలు నిజానికి చిన్న తొట్టికి తగవు. ఫెంగ్‌షుయ్ నమ్మకం ప్రకారం ఎనిమిది బంగారు రంగు చేపలను, ఒక నల్ల చేపను ఉంచుట కొన్నిచోట్ల వాడుకలో ఉన్నది. గోల్డ్ ఫిష్ ఎక్కువగా విసర్జిస్తుంది, కొన్ని రకాలు 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు 48 లీటర్లలో ఆరోగ్యంగా జీవించలేవు. నాచును శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప కూడా 30 సెంటీమీటర్లకు మించి పెరుగుతుంది.

నిర్వహణ

మేత వేసే బాధ్యత ఒకే వ్యక్తికి అప్పగించాలి. పనిపై వచ్చినవారు, సిబ్బంది ఎవరికి వారు దయతో వేసే మేత వలన తొట్టి నాశనమగుట సాధారణంగా జరిగేదే. రోజుకు ఒకసారి, రెండు నిమిషాలలో తినివేయగలిగినంత మాత్రమే వేయాలి. వారానికి సరిపడు మేతను చిన్న పొట్లాలుగా కట్టి ఉంచితే, ఆనాటి పొట్లం లేకపోవుటను బట్టి మేత వేసినట్లు తెలుస్తుంది. బిస్కట్లు, అన్నం, బొరుగులు వేయరాదు.

* ప్రతి రోజు: చేపలను లెక్కించుట, నీటి మట్టం, ఫిల్టరు చూచుట.
* వారానికి లేదా రెండు వారాలకు ఒకసారి: 20 నుండి 25 శాతం నీటిని సన్నని గొట్టంతో అడుగు నుండి తీసి, క్లోరిన్ లేని కొత్త నీరు పోయుట.
* నెలకొకసారి: స్పాంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండి కడుగుట. కుళాయి నీటితో కడిగిన బాక్టీరియా నశిస్తుంది.

నీరు మొత్తాన్ని తీసివేసి, రాళ్ళను తోమి, తొట్టిని తళతళలాడేటట్లు కడుగుట మంచిదనే అభిప్రాయం తప్పు. దీని వలన నత్రజని చక్రం తిరిగి మొదటి నుండి ప్రారంభం కావలసి వస్తుంది.

సెలవులు, విద్యుత్ అంతరాయాలు

రెండవ శనివారం, ఆదివారం కలిపి వచ్చే రెండు రోజుల సెలవుకు మేత ఏర్పాటు అవసరం లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు సంక్రాంతి వంటి నాలుగైదు రోజుల సెలవులలో కూడా మేత లేకుండా ఉండగలవు. ఆకలి కంటే ఎక్కువ మేత ప్రమాదకరం. సెలవుకు ముందు రోజు అదనంగా వేయుట, నీటిలో కరిగే మేత దిమ్మలను వదలి వెళ్ళుట మంచిది కాదు. సెలవుకు రెండు రోజుల ముందు నీరు మార్చి, మూత సరిచూచి వెళ్ళుట చాలు.

కరెంటు ఎక్కువసేపు పోయినపుడు మేతను పూర్తిగా ఆపాలి. మూత తీసి, చెంబుతో నీటిని ముంచి ఎత్తు నుండి పోస్తూ ఉంటే ప్రాణవాయువు కరుగుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపును తుఫానుల కాలమైన అక్టోబరు, నవంబరు నెలలకు ముందే సిద్ధంగా ఉంచుకొనుట మేలు. చేపలు తక్కువగా, మొక్కలు ఎక్కువగా ఉన్న తొట్టి ఇటువంటి సమయంలో ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే మొక్కలు వెలుతురులో మాత్రమే ప్రాణవాయువును విడుదల చేస్తాయి, రాత్రివేళ అవి కూడా దానిని వాడుకుంటాయి.

సాధారణ సమస్యలు

చేపలు పైకి వచ్చి గాలి పీల్చుట: ప్రాణవాయువు తగ్గినదని గాని, అమ్మోనియా పెరిగినదని గాని సూచన. వెంటనే మేత ఆపి, 30 నుండి 50 శాతం నీరు మార్చాలి. బెట్టా, గౌరామీలు అప్పుడప్పుడు పైకి వచ్చుట సహజం.

ఒక్కసారిగా అన్నీ చనిపోవుట: దోమల మందులు దీనికి ఒక కారణం. దోమల ద్రావణాలలో, పిచికారీలలో వాడే పైరిథ్రాయిడ్ జాతి మందులు మనుషులకు అంతగా హాని చేయని మోతాదులో కూడా చేపలకు ప్రాణాంతకం. గాలి పంపు గది గాలినే నీటిలోకి పంపుతుంది. కనుక మందు చల్లే ముందు పంపును ఆపి, తొట్టిని తడిగుడ్డతో కప్పి, గది గాలి శుభ్రమైన తరువాత తెరవాలి. గోడలకు రంగులు వేయునపుడు తొట్టిని వేరే గదికి మార్చాలి.

తెల్లమచ్చల వ్యాధి: శరీరంపై ఉప్పు రవ్వల వంటి మచ్చలు కనిపిస్తాయి. ఇది ఒక పరాన్నజీవి వలన కలుగుతుంది. కొత్త చేపలను రెండు మూడు వారాలు వేరే పాత్రలో ఉంచి గమనించుట ఉత్తమ నివారణ.

ప్రయోజనాలు

ఇంగ్లండులోని ప్లిమత్, ఎక్సెటర్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు జాతీయ సముద్ర మత్స్యశాలలో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, చేపలను చూచుట వలన గుండె వేగం, రక్తపోటు కొంత తగ్గినట్లు గమనించారు. ఆ అధ్యయనం పెద్ద తొట్టి వద్ద జరిగినందున చిన్న తొట్టికి అదే ఫలితం ఉంటుందని చెప్పుటకు వీలులేదు. పాఠశాలలు, కళాశాలలలో మాత్రం ఆహారపు గొలుసు, కిరణజన్య సంయోగక్రియ, నత్రజని చక్రం వంటి పాఠాలను కళ్ళ ఎదుట చూపుటకు ఆక్వేరియం ఉపయోగపడుతుంది.

చట్టం, పర్యావరణం

నక్షత్ర తాబేలు, చెరువులలో దొరికే మెత్తటి డిప్ప తాబేలు వంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ద్వారా రక్షింపబడినవి. వాటిని పట్టి తొట్టిలో పెంచుట నేరం.

అధికారి బదిలీ అయినపుడు, కార్యాలయం వేరే భవనానికి మారినపుడు తొట్టి అనాథ కావచ్చును. అప్పుడు చేపలను దగ్గరలోని చెరువులో గాని, చంపావతిలో గాని వదలుట పుణ్యమని కొందరు భావిస్తారు. ఇది తీవ్రమైన పొరపాటు. దక్షిణ అమెరికాకు చెందిన సక్కర్ చేపలు ఆక్వేరియంల ద్వారా భారతదేశపు నదులలోకి, చెరువులలోకి చేరి వ్యాపించినవి. గట్టి పొలుసులు, ముళ్ళు గల ఈ చేపలు మత్స్యకారుల వలలను చింపుతాయి, స్థానిక చేపల ఆహారాన్ని, గ్రుడ్లను తినివేస్తాయి. మార్కెట్టులో వీటికి గిరాకీ లేదు. దోమల నివారణకై 1928లో భారతదేశానికి తీసుకురాబడిన గాంబూసియా చేప కూడా దేశీయ చిన్న చేపలకు పోటీగా మారినది. తొట్టిలోని రోగాలు, పరాన్నజీవులు కూడా నీటి వనరులకు సోకవచ్చును.

అందువలన అక్కరలేని చేపలను మరొక పెంపకందారుకు గాని, దుకాణానికి గాని, పాఠశాలకు గాని ఇవ్వాలి. కత్తిరించిన మొక్కలను కాలువలో వేయక ఎండబెట్టి పారవేయాలి. తొట్టి నుండి తీసిన నీటిని కుండీలలోని మొక్కలకు పోయవచ్చును. దానిలోని నైట్రేటు వాటికి ఎరువుగా ఉపయోగపడుతుంది. తొట్టిని ఏర్పాటు చేసిన రోజుననే, బాధ్యుడు లేనప్పుడు దానిని ఎవరు చూచెదరో, అవసరమైనపుడు చేపలను ఎవరికి అప్పగించెదరో నిర్ణయించి ఒక కాగితంపై వ్రాసి తొట్టి ప్రక్కన అంటించుట మంచి పద్ధతి.